పాఠశాల విద్యా సంస్కరణలు - విజ్ఞానాధారిత ఆర్థిక వ్యవస్థ (తెలుగు రాష్ట్రాలు)

విజ్ఞానాధారిత ఆర్థిక వ్యవస్థకు తగినట్లుగా పాఠశాల విద్యను మార్చుకొనే ప్రయత్నం ఆంధ్రప్రదేశ్‌లోను, 2014 జూన్ 2న ఏర్పడిన తెలంగాణలోను 1980వ దశకం నడుమ నుండి సాగుతున్నది. భూమి, ముడిసరుకు, యంత్రాల కన్నా మనుషుల తెలివి, నైపుణ్యం, కొత్తది కనుగొనే శక్తి సంపదకు మూలంగా ఉండే వ్యవస్థను విజ్ఞానాధారిత ఆర్థిక వ్యవస్థ అంటారు. అటువంటి కాలంలో పిల్లవానిచేత పాఠం అప్పజెప్పించుకోవడంతో బడి పని పూర్తి కాదు. ఎన్నడూ చూడని సమస్య ఎదురైనప్పుడు తనకు తెలిసినదానిని దానికి అన్వయించుకోగల శక్తిని కూడా బడి ఇవ్వవలసి ఉంటుంది. గడచిన నలభై ఏళ్ళలో పాఠ్యపుస్తకాలు, బోధన పద్ధతులు, బోధన మాధ్యమం, ఉపకరణాలు పలుమార్లు మారాయి. పబ్లిక్ పరీక్షలో అడిగే ప్రశ్న తీరు మాత్రం అంతగా మారలేదు. సంస్కరణలు ఆశించిన ఫలితం ఇవ్వకపోవడానికి ఇది ప్రధాన కారణం. హైదరాబాదులోని కోఠి, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ ప్రాంతాలలో ఈ చరిత్ర ఆనవాళ్ళు నేటికీ కనిపిస్తాయి.

భావన

విజ్ఞానాన్ని ఒక ఉత్పత్తిగా లెక్కగట్టవచ్చునని అమెరికాలో ఫ్రిట్జ్ మాక్లప్ 1962లో ప్రతిపాదించాడు. పీటర్ డ్రక్కర్ 1969లో వెలువరించిన గ్రంథంతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. భారత ప్రభుత్వం 2005లో శాం పిట్రోడా అధ్యక్షతన జాతీయ విజ్ఞాన సంఘాన్ని నియమించింది. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) స్థాపకుడు పుష్పమిత్ర భార్గవ ఈ సంఘానికి ఉపాధ్యక్షుడు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆలోచన అంతకు ముందే వచ్చింది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం 1998 నవంబరులో ప్రారంభమైనది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఏర్పడినది. 1999 జనవరిలో ప్రభుత్వం విడుదల చేసిన 'విజన్ 2020' పత్రం రాష్ట్రాన్ని విజ్ఞాన సమాజంగా మార్చడం తన లక్ష్యమని ప్రకటించింది.

బట్టీ పట్టే చదువుతోనే ఇంతమంది ఇంజనీర్లు తయారయ్యారు కదా, ఇక సంస్కరణ ఎందుకు అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చరాదు. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలకు కావలసినది పెద్ద సంఖ్యలో, క్రమశిక్షణతో, గణితంలో కొంత పట్టుతో పనిచేసే యువకులు. వారిని చేర్చుకొన్న తరువాత నెలల తరబడి సంస్థలే శిక్షణ ఇచ్చుకొనేవి. అనగా బడి, కళాశాల చేయవలసిన పనిలో కొంత భాగం ఉద్యోగం ఇచ్చినవారు తమ ఖర్చుతో చేశారు. ఈ ఏర్పాటు నగరాలలో, ఎంసెట్ దాటి వచ్చినవారికే అందింది. ఊరి బడిలో పదవ తరగతి తప్పినవానికి అందలేదు.

పూర్వరంగం

విజ్ఞానం ప్రజల భాషలో అందాలన్న పట్టుదల ఈ ప్రాంతానికి కొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో హైదరాబాదులో స్థాపించబడినది. ఈ గ్రంథాలయం కోఠిని ఆనుకొని ఉన్న సుల్తాన్ బజారులో ఉన్నది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో ఇదే నగరంలో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి చరిత్ర, శాస్త్ర విషయాల గ్రంథాలను తెలుగులో ప్రచురించారు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించింది. అందుకోసం ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థ పనిచేసినది. ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు చెప్పవచ్చునని నిరూపించిన ఆ ప్రయత్నంలో, రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు మాత్రం చోటు లేకపోయింది.

మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాలను ప్రారంభించారు. నిజాం రాజ్యంలో అటువంటి పాఠశాలకు ఉన్నత పాఠశాల పరీక్షల దారి దొరకలేదు. అందువలన అది మహర్షి కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. బడిలో ఏ భాషలో ఏమి చెప్పవచ్చునో చివరికి పరీక్ష పెట్టేవారే నిర్ణయిస్తారన్నది ఆనాటికే తేలిపోయిన విషయం.

రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ 1967లోను, ఉన్నత విద్యకు తెలుగు పుస్తకాలు తయారుచేయడానికి తెలుగు అకాడమి 1968లోను ఏర్పడ్డాయి. మొదటిది బషీర్‌బాగ్‌లో, రెండవది హిమాయత్‌నగర్‌లో ఉన్నవి. రెండూ కోఠికి దగ్గరే. 1971లో పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల తెరిచారు. ఎన్నుకొన్న కొద్దిమంది గ్రామీణ విద్యార్థులకు మంచి బడి ఇవ్వడంలో గురుకులాలు సఫలమయ్యాయి. మిగిలిన లక్షల మంది చదివే మామూలు బడిని మార్చే ప్రయత్నం అటు తరువాతనే మొదలైనది.

అపెప్

ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని ఉపాధ్యాయులు పొట్టిగా 'అపెప్' అనేవారు. బ్రిటిష్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుండి 1996 వరకు రాష్ట్రమంతటా అమలైనది. తరగతి గదుల నిర్మాణం ఇందులో ఒక భాగమైనా, అసలు విశేషం బోధనకు సంబంధించిన ఆరు సూత్రాలు. ఉపాధ్యాయుడే స్వయంగా కృత్యాలు రూపొందించడం; పిల్లలు చేసి, శోధించి, ప్రయోగించి నేర్చుకోవడం; వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పనులను కలిపి నడపడం; పిల్లల మధ్య భేదాలను గుర్తించడం; స్థానిక పరిసరాలను వాడుకోవడం; పిల్లల పనులను ప్రదర్శించి తరగతి గదిని ఆకర్షణీయంగా ఉంచడం అనేవి ఆ సూత్రాలు.

ఇరవై ఏళ్ళ తరువాత విజ్ఞాన సమాజానికి అవసరమని చెప్పిన గుణాలన్నీ ఈ ఆరింటిలో ఉన్నాయి. చింతగింజలతో లెక్కలు, ఊరి చెరువు మీద పరిసరాల పాఠం, గది గోడకు గోడకు మధ్య కట్టిన దారాలకు వేలాడే పిల్లల బొమ్మలు ఆ కాలపు బడులకు గుర్తులు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు ఏడాదిలో కొన్నిసార్లు ఉపాధ్యాయ కేంద్రంలో కలుసుకొని, ఒకరి పాఠం మరొకరు చూసి చర్చించుకొనేవారు. పై అధికారి చెప్పగా వినడం కాక, తోటి ఉపాధ్యాయుని వద్ద నేర్చుకోవడం అన్నది ఈ పథకంలో అన్నిటికన్నా విలువైన అంశం.

పథకం ముగిసిన తరువాత దారాలు మిగిలాయి గాని కృత్యాలు తగ్గిపోయాయి. ఇందుకు ఉపాధ్యాయుల సోమరితనం కారణమని చెప్పడం తేలిక. ఇద్దరు ఉపాధ్యాయులు ఐదు తరగతులు చెప్పవలసిన బడిలో ఒక జట్టుకు కృత్యం ఇచ్చి, మరొక జట్టుకు పాఠం చెప్పడానికి చాలా తయారీ కావాలి. తనిఖీకి వచ్చినవారు అడిగేది సిలబస్ ఎంతవరకు అయినదని. ఆ రోజుల్లో 7వ తరగతి చివర ఉమ్మడి పరీక్ష ఉండేది. అందులో చెరువు గురించి పిల్లవాడు స్వయంగా చూసినది రాస్తే మార్కులు రావు, పుస్తకంలో ఉన్నది రాస్తే వస్తాయి. తల్లిదండ్రులకు ఈ సంగతి త్వరగానే అర్థమైంది.

1996లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా పథకం, 2000-01 నుండి సర్వశిక్షా అభియాన్ ఈ పద్ధతులలో కొన్నింటిని కొనసాగించాయి. అయితే వాటి దృష్టి ఎక్కువగా పిల్లలను బడిలో చేర్చడం మీద నిలిచింది. అది అవసరమైన పనే. బాల కార్మికులను పనినుండి విడిపించి, వారధి శిబిరాలలో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చే పద్ధతిని రంగారెడ్డి జిల్లాలో ఎం.వి.ఫౌండేషన్ అభివృద్ధి చేసింది. ఆ కృషికి శాంతా సిన్హా 2003లో రామన్ మెగసెసె పురస్కారం పొందారు.

ఋషివ్యాలీ నిచ్చెన

ఇద్దరు ఉపాధ్యాయులు, ఐదు తరగతులు అన్న చిక్కుకు సమాధానం ఈ గడ్డమీదనే దొరికింది. మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల బడులకోసం పాఠ్యాంశాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. కార్డులన్నీ ఒక పెట్టెలో ఉంటాయి. గోడమీద నిచ్చెన వంటి పటం ఉంటుంది. పిల్లవాడు తాను ఏ మెట్టుమీద ఉన్నాడో చూసుకొని, ఆ గుర్తు ఉన్న కార్డు తానే తీసుకొని పని చేస్తాడు. కొన్ని పనులు ఒంటరిగా, కొన్ని తోటివారితో, కొన్ని ఉపాధ్యాయుని వద్ద చేయాలి. నాలుగు రోజులు బడికి రాకపోయినా తిరిగి వచ్చినప్పుడు తాను విడిచిన మెట్టునుండే ఎక్కుతాడు. పత్తి ఏరే రోజుల్లోనో, వేరుశనగ పీకే రోజుల్లోనో బడి మానే పిల్లలున్న ఊళ్ళలో ఇది ఎంత మేలో వేరుగా చెప్పనవసరం లేదు.

కర్ణాటకలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో 1995లో మొదలైన 'నలి కలి' కార్యక్రమానికి ప్రేరణ ఇదే. 2003లో చెన్నై నగరపాలక బడులలో ప్రారంభమై తరువాత తమిళనాడు అంతటా వ్యాపించిన కృత్యాధార పద్ధతికి కూడా ఇదే మూలం. పుట్టిన రాష్ట్రంలో మాత్రం ఇది అంత విస్తారంగా నిలదొక్కుకోలేదు.

కంప్యూటర్లు, మాధ్యమం

దేశంలో బడులకు కంప్యూటర్లను పరిచయం చేసిన 'క్లాస్' పథకం 1984లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ఉన్నత పాఠశాలలలో ప్రైవేటు సంస్థల ద్వారా ఐదేళ్ళ ఒప్పందంపై కంప్యూటర్ విద్య ప్రవేశపెట్టారు. ఒప్పందం ముగియగానే బోధకులు వెళ్ళిపోయారు, చాలా చోట్ల గదులకు తాళాలు పడ్డాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచింది. పరికరం ఇచ్చిన ప్రతిసారీ దానిని పాఠంలో ఇమిడ్చే ఉపాధ్యాయుని సంగతి ఆఖరున ఆలోచించడం రివాజు అయింది.

2008లోనే ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం (బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు) మరొక దారి తొక్కింది. పదవ తరగతి కాగానే గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని ఆరేళ్ళ చదువు చెప్పే ఏర్పాటు ఇది. గ్రేడు పాయింట్ల కాలంలో ప్రభుత్వ బడిలో చదివినవారికి 0.4 కలిపి ప్రవేశం ఇచ్చేవారు. కోచింగు అవసరం లేకుండా సాంకేతిక విద్యలో అడుగుపెట్టే అవకాశం ఊరి పిల్లలకు దీనితో లభించింది.

ఆంగ్ల మాధ్యమాన్ని 2008-09లో 'సక్సెస్' పాఠశాలల పేరుతో 6,500 ఉన్నత పాఠశాలలలో తెలుగు మాధ్యమానికి సమాంతరంగా మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ప్రాథమిక తరగతులనుండి ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణ 2022-23 నుండి ప్రభుత్వ బడులలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టి, ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఆంగ్లం ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చింది. పేదవారి పిల్లలకు ఆంగ్లం అందాలన్న కోరిక న్యాయమైనదే. కాని అర్థం కాని భాషలో పాఠం విన్న పిల్లవానికి కంఠస్థం తప్ప వేరే దారి ఉండదు. ఆంగ్లాన్ని బాగా నేర్పడం, అన్నీ ఆంగ్లంలో నేర్పడం ఒకటి కావు. ఈ తేడాను అటు వాదించేవారు, ఇటు వాదించేవారు ఇద్దరూ విడిచిపెట్టారు.

పరీక్ష, గైడు

'భారం లేని చదువు' గురించి 1993లో ఆచార్య యశ్‌పాల్ సంఘం నివేదిక ఇచ్చింది. ఆ మార్గంలోనే 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, దానిని అనుసరించి 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం వచ్చాయి. 2012 నుండి 2014 వరకు అన్ని తరగతుల పుస్తకాలూ మారాయి. నిరంతర సమగ్ర మూల్యాంకనం అమలైంది. 2014-15 నుండి పదవ తరగతిలో ప్రతి పేపరుకు 80 శాతం మార్కులు రాత పరీక్షకు, 20 శాతం బడిలోనే వేసే అంతర్గత మార్కులకు కేటాయించారు. పుస్తకంలోని ప్రశ్నను ఉన్నదున్నట్లుగా అడగకూడదని, విద్యార్థి ఆలోచించి రాయవలసిన ప్రశ్నలు ఇవ్వాలని నియమం పెట్టారు. తెలుగునాట పరీక్షను ముట్టుకొన్న పెద్ద సంస్కరణ ఇదొక్కటే.

దీనికి ఏమి జరిగిందో తెలియాలంటే కోఠికి వెళ్ళాలి. 'కోఠి' అన్న పేరుకు మూలమైన బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో 1949 నుండి మహిళా కళాశాల నడిచింది. 2022లో అది విశ్వవిద్యాలయమైనది. ఆ చుట్టుపక్కల, సుల్తాన్ బజారు, బడీచౌడీ వైపు కొత్త, పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. వెనుకటి ఏడాది పుస్తకం సగం ధరకు కొనుక్కొని చదివి, ఏడాది చివర మళ్ళీ అక్కడే అమ్ముకొన్న పేద విద్యార్థులు ఎందరో. ఆ మేరకు కోఠి చేసిన ఉపకారం చిన్నది కాదు. అవే దుకాణాలలో పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువగా అమ్ముడుపోయేవి గైడు, క్వశ్చన్ బ్యాంకు, బిట్లు, ఆల్ ఇన్ వన్.

ఉదాహరణకు భౌతిక శాస్త్రంలో 'ఓమ్ నియమాన్ని నిర్వచించి ప్రయోగపూర్వకంగా నిరూపించుము' అన్నది పాత తీరు ప్రశ్న. 'ఇంటిలో బల్బులను శ్రేణి సంధానంలో కాక సమాంతరంగా ఎందుకు కలుపుతారు?' అన్నది కొత్త తీరు. రెండవ దానికి జవాబు ఆలోచించి చెప్పాలి. ఏడాది తిరిగేసరికి దాని జవాబు కూడా గైడులో అచ్చయింది. పిల్లలు స్వయంగా చేయవలసిన ప్రాజెక్టు పనులు సిద్ధంగా బజారులో దొరికాయి. ఊరిలో పది ఇళ్ళు తిరిగి సేకరించవలసిన నీటి వాడకం వివరాలు, తిరగకుండానే, నలభై మంది పుస్తకాలలో ఒకే అంకెలతో కనిపించాయి. బడిలో పనిచేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. అంతర్గత మార్కులు చాలా బడులలో ఇరవైకి ఇరవై పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఈ మార్కులను తొలగించింది. పేపర్ల సంఖ్య కూడా రెండు రాష్ట్రాలలోను 2023 పరీక్షలనాటికి 11 నుండి ఆరుకు తగ్గింది.

తప్పు ఆలోచింపజేసే ప్రశ్నది కాదు. ఆ ప్రశ్నకు వచ్చే పది రకాల జవాబులను చదివి, తూచి మార్కులు వేయగల దిద్దరులు కావాలి. రోజుకు పదుల సంఖ్యలో జవాబు పత్రాలు దిద్దవలసిన శిబిరంలో గైడు జవాబుకు భిన్నంగా రాసిన పిల్లవానికి నష్టం జరగవచ్చు. ఆ భయంతో తెలివైన విద్యార్థి కూడా గైడు జవాబే రాస్తాడు.

పదవ తరగతి తరువాత ఒత్తిడి మరింత పెరుగుతుంది. 1986లో మొదలైన ఎంసెట్, ఐఐటీ ప్రవేశ పరీక్షలు ఇంటర్మీడియట్‌ను శిక్షణ శిబిరంగా మార్చాయి. నల్లకుంటలో చుక్కా రామయ్య ఐఐటీ శిక్షణ నడిపిన రోజుల్లో గణితం మీద ఇష్టంతో కొద్దిమంది వచ్చేవారు. తరువాత అది హాస్టలు గదులలో తెల్లవారుజామున మొదలై రాత్రివరకు సాగే పెద్ద వ్యాపారమైనది. ఇంటర్మీడియట్ చదివే పిల్లల ఆత్మహత్యలపై ప్రభుత్వాలు సంఘాలను వేశాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో తప్పులు దొర్లి పెద్ద ఆందోళన జరిగింది; ఆ ఫలితాల తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. సంస్కరణల చర్చ పత్రాలకు పరిమితమైన వ్యవహారం కాదనడానికి ఈ ఒక్క విషయం చాలును.

ఉపాధ్యాయుడు

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం ఉపాధ్యాయులకు అర్హత పరీక్ష (టెట్) తప్పనిసరి అయి, రాష్ట్రంలో 2011లో మొదటిసారి జరిగింది. ఈ పరీక్షకు కూడా బిట్లు, గైడ్లు, కోచింగు ఉన్నాయి. ప్రశ్నించడం నేర్పవలసినవాడు కూడా నాలుగింటిలో ఒకటి ఎన్నుకొనే పరీక్ష దాటియే వస్తున్నాడు. అదే చట్టం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలునని చెప్పింది. అనగా అపెప్ కాలంలో ఎదురైన ఇద్దరు, ఐదు తరగతుల చిక్కు ఇప్పుడు చట్టబద్ధం. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం పనులకు ఉపాధ్యాయులను వాడుకోవడానికి చట్టమే అనుమతిస్తున్నది.

ఫిన్లాండు 1970లలో తన బడులను సంస్కరించినప్పుడు ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయునికి కూడా విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర పట్టా ఉండాలని నియమం పెట్టింది. సింగపూరు 1997లో ఆలోచించే బడుల విధానాన్ని ప్రకటించి, తరువాత పాఠ్యభారాన్ని తగ్గించింది. దక్షిణ కొరియా 1980లో ప్రైవేటు ట్యూషన్లను నిషేధించగా 2000లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం నిషేధాన్ని కొట్టివేసింది. ప్రవేశ పరీక్ష నిలిచి ఉండగా కోచింగును చట్టంతో ఆపడం అక్కడ సాధ్యం కాలేదు.

చిక్కడపల్లి, అశోక్ నగర్

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, దానికి చేరువలోని అశోక్ నగర్ వీధులు ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే నిరుద్యోగులకు నెలవులు. జిల్లాలనుండి వచ్చి, ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి ఉంటూ, ఉదయమే గ్రంథాలయంలో చోటు పట్టుకొనేవారిలో ఇంజనీరింగు పట్టా పొందినవారు కూడా ఉన్నారు. తెలంగాణలో 8,000 పైచిలుకు గ్రూప్-4 ఉద్యోగాలకు 2023లో జరిగిన పరీక్షకు సుమారు 9.5 లక్షల దరఖాస్తులు వచ్చాయి. గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష రెండుసార్లు రద్దయినది; మొదటిసారి ప్రశ్నపత్రం బయటికి పొక్కడం వలన, రెండవసారి 2023 సెప్టెంబరులో హైకోర్టు తీర్పు వలన. 2024 అక్టోబరులో అశోక్ నగర్‌లో అభ్యర్థులు వీధులలోకి వచ్చి ఆందోళన చేశారు.

విజ్ఞాన ఆర్థిక వ్యవస్థ తమకు చోటు ఇవ్వని లక్షలాది పట్టభద్రులు గుమాస్తా ఉద్యోగానికి మళ్ళీ బిట్లు చదువుతున్నారు. ఉద్యోగాలు తగినన్ని లేకపోవడం ఇందుకు మొదటి కారణం, దానిని బడిమీదకు నెట్టరాదు. అయినా పదిహేనేళ్ళు చదివినవాని చేతిలో ఒక పని నైపుణ్యం గాని, తనంతట తాను నేర్చుకోగల ధైర్యం గాని పెట్టలేకపోయిన బాధ్యత బడికీ కళాశాలకూ ఉన్నది.

ఇటీవలి కార్యక్రమాలు

గ్రామీణ బడి పిల్లలపై జరిగే 'అసర్' సర్వే ప్రకారం దేశంలో 5వ తరగతి పిల్లలలో 2వ తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 50.5 శాతం; కోవిడ్ కారణంగా బడులు మూతపడిన తరువాత 2022లో 42.8 శాతం. చదవడమే రానివానికి విజ్ఞాన సమాజం గురించి చెప్పి ప్రయోజనం లేదు. 2020 జాతీయ విద్యా విధానం తొలి తరగతుల చదువు, లెక్కలకు ప్రాధాన్యమిచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2021లో 'నిపుణ్ భారత్' ప్రారంభించింది. తెలంగాణ 2022లో 1 నుండి 5 తరగతులకు 'తొలిమెట్టు' చేపట్టింది. ఇందులో ఉపాధ్యాయుడు ఒక్కొక్క పిల్లవానిని దగ్గర కూర్చోబెట్టుకొని చదివించి, ఏ మెట్టుమీద ఉన్నాడో గుర్తించి, అక్కడినుండి నేర్పవలసి ఉంటుంది. 2023-24లో 6 నుండి 9 తరగతులవారికి 'ఉన్నతి' కార్యక్రమం మొదలైనది. పదవ తరగతిని ఇందులో చేర్చలేదు.